ఫోన్ మోగకపోయినా మోగినట్టే ఉంటోంది.. ఇది జబ్బేనా డాక్టర్?

ప్రశ్న: నా వయసు 29 ఏళ్లు. నాలుగేళ్లుగా సొంతంగా సోషల్ మీడియా మేనేజర్‌గా పని చేస్తున్నాను. ఇప్పుడు ఏడుగురు క్లయింట్లున్నారు. పోస్టులు, రీల్స్, కామెంట్లకు జవాబులు, నెలాఖరు రిపోర్టులు అన్నీ నేనే చూసుకోవాలి. ఆర్నెల్లుగా విపరీతమైన నీరసం. రాత్రి పదకొండు దాటినా మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. ఫోన్ మోగితే గుండె దడ. ఒక్కోసారి మోగకపోయినా జేబులో అదిరినట్టు అనిపిస్తుంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి కామెంట్లు చూసుకుంటున్నాను. పది నిమిషాల్లో రాసే క్యాప్షన్‌కి గంట పడుతోంది. మొన్న ఒకరి పోస్టు ఇంకొకరి అకౌంట్లో పెట్టేశాను. వారం సెలవు తీసుకుంటే బాగానే ఉంది. తిరిగొచ్చిన రెండో రోజుకే మళ్లీ మామూలే. రోజుకు ఐదారు కప్పుల కాఫీ తాగుతాను. ఇది థైరాయిడా, డిప్రెషనా? మందులు వాడాలా?
- ఒక పాఠకుడు

సలహా: మీరు రాసినదాంట్లో ఒక మాట దగ్గర ఆగిపోయాను. 'తిరిగొచ్చిన రెండో రోజుకే మళ్లీ మామూలే' అన్నారు. వారం విశ్రాంతితో తేరుకున్నారంటే మీ శరీరానికి కోలుకునే శక్తి ఉన్నట్టే. రెండు రోజుల్లోనే మళ్లీ చతికిలపడ్డారంటే మీ పని తీరును పట్టించుకోవాలి. ఇంకో వారం సెలవు పెట్టినా జరిగేది ఇదే.

మీరు చెప్పినవి చాలావరకు బర్నవుట్ లక్షణాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల వర్గీకరణలో దీన్ని నిర్వచించింది. అయితే జబ్బుల కింద కాకుండా, పని వల్ల తలెత్తే స్థితిగా చూపించింది. ఒళ్లూ మనసూ పూర్తిగా అలసిపోవడం, పనంటే విరక్తి, చేసే పనిలో పస తగ్గిందనిపించడం.. ఈ మూడూ కలిస్తే బర్నవుట్ అంటాం. విరక్తి సంగతి మీరు రాయలేదు గానీ, ఒక క్లయింట్ పేరు స్క్రీన్ మీద కనపడగానే ఒళ్లు మండుతోందంటే అదీ ఉన్నట్టే.

అలాగని నేరుగా ఆ ముద్ర వేసేసుకోవద్దు. ఆర్నెల్ల నీరసానికి రక్తహీనత, థైరాయిడ్, విటమిన్ బి12 లోపం, షుగర్.. ఏదైనా కారణం కావచ్చు. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్, బి12, షుగర్ పరీక్షలు చేయించుకోండి, బీపీ చూపించుకోండి. గుండె దడ ఉంది కాబట్టి ఒకసారి ఈసీజీ తీయించుకుంటే మంచిది. దడతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం వంటివి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక అసలు సంగతి. ఆసుపత్రిలో మాకూ రాత్రి డ్యూటీలుంటాయి. కానీ పొద్దున ఎనిమిదింటికి ఇంకో డాక్టర్ వస్తాడు, రోగుల సంగతి అప్పజెప్పి ఇంటికి పోతాం. మీకు ఆ రెండో మనిషి లేడు. మీ డ్యూటీ ఎప్పుడు అయిపోతుందో మీకే తెలియదు. ఎప్పుడు పిలుపొస్తుందోనని ఎదురుచూసే శరీరం నిద్రలోనూ సగం మేలుకునే ఉంటుంది. మూడింటికి మెలకువ రావడం, మోగని ఫోన్ మోగినట్టు అనిపించడం ఆ కాపలా వల్లే. జేబులో అదిరినట్టు అనిపించడం చాలామందికి ఉండేదే. అది పిచ్చేమీ కాదు, కంగారుపడకండి.

క్యాజువాల్టీలో వచ్చిన ప్రతివారినీ వచ్చిన వరుసలో చూడం. ప్రాణాపాయం ఉన్నవారు ముందు, వేలు తెగినవారు తర్వాత. మీరూ అలాంటి జాబితా ఒకటి రాసుకుని క్లయింట్లకు పంపండి. అకౌంట్ హ్యాక్ కావడం, తప్పు పోస్టు బయటికి వెళ్లడం, ఏదైనా పోస్టు మీద పెద్ద దుమారం రేగడం.. ఇవి అత్యవసరాలు. వీటికి ఫోన్ చేయమనండి. 'ఆ అక్షరాలు కాస్త పెద్దవి చేద్దామా' అన్నది అత్యవసరం కాదు. 'సాయంత్రం ఏడు తర్వాత వచ్చిన మెసేజ్‌లు మర్నాడు ఉదయం చూస్తాను, అత్యవసరమైతే కాల్ చేయండి' అని మర్యాదగా ఒక్కసారి చెబితే చాలామంది ఒప్పుకుంటారు. రాత్రి పదకొండుకు మెసేజ్ పెట్టేవాళ్లలో చాలామంది అప్పుడే జవాబు కావాలని పెట్టరు, మర్చిపోతామని పెడతారు. వెంటనే జవాబిచ్చి మీరే అలవాటు చేశారు (మేమూ రోగులకు సొంత నంబర్లిచ్చి ఇలాగే ఇరుక్కుంటాం).

తప్పు అకౌంట్లో పోస్టు పెట్టినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారేమో. ఒక పని సగంలో వదిలి ఇంకో పనిలోకి వెళ్తే మనసులో కొంత భాగం పాత పనిలోనే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో వివరించారు. మీరు రోజూ ఏడు గొంతులతో మాట్లాడుతున్నారు. ఒకచోట సరదాగా, ఇంకోచోట గంభీరంగా. గంటకు నాలుగుసార్లు గొంతు మారిస్తే పొరపాట్లు జరగక ఏమవుతుంది? ఒక పూట ఒక్క క్లయింట్ పనే పెట్టుకోండి. అతని పోస్టులు వారానికి సరిపడా రాసి షెడ్యూల్ చేసేయండి. కామెంట్లకు రోజులో రెండు మూడు వేళలు కేటాయించండి. జనం తిట్టేది కంపెనీనే అయినా చదివేది మీరు. ఆ తిట్లు పడుకునే ముందు చదివితే నిద్ర ఎలా పడుతుంది?

ఇంత చేసినా ఏడుగురు ఎక్కువే కావచ్చు. రెండు వారాలపాటు ఎవరికి ఎన్ని గంటలు పోతున్నాయో రాసి చూడండి, మెసేజ్‌లకూ కాల్స్‌కూ పోయే సమయం కూడా కలిపి. వారానికి 55 గంటలు దాటి పనిచేసేవారిలో, 35-40 గంటలు చేసేవారికన్నా పక్షవాతం ముప్పు సుమారు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్కగట్టాయి. మీ లెక్క ఆ దరిదాపుల్లో ఉంటే ఒకరిని వదులుకోవాల్సిందే. అందరికన్నా తక్కువ ఇచ్చేవారినే వదలాలని లేదు. వేళ కాని వేళ ఎక్కువగా పిలిచేదెవరో చూడండి. నేను వ్యాపార సలహాదారును కాను, కానీ ఈ మాట చెప్పకుండా నిద్ర మాత్ర రాసిస్తే మిమ్మల్ని మోసం చేసినట్టే.

కాఫీ విషయానికొస్తే, తాగిన ఐదారు గంటల తర్వాత కూడా అందులోని కెఫిన్ దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. దడకు అదీ ఒక కారణం కావచ్చు. రెండు కప్పులకు తగ్గించుకుని మధ్యాహ్నంలోపే ముగించండి. ఒక్కసారిగా మానితే తలనొప్పి వస్తుంది, వారానికో కప్పు చొప్పున తగ్గించండి. ఫోన్ పడకగదిలో వద్దు. అలారం కోసం మామూలు గడియారం కొనుక్కోండి. అత్యవసర కాల్ వస్తే హాల్లో మోగినా వినపడుతుంది.

డిప్రెషన్ గురించి అడిగారు. సెలవులో హాయిగా ఉన్నారు కాబట్టి ఆ అవకాశం తక్కువే అనిపిస్తోంది. కానీ పనితో సంబంధం లేనివాటిలోనూ సంతోషం లేకుండా రెండు వారాలు గడిచినా, ఆకలి బాగా తగ్గినా, నేనెందుకూ పనికిరాననిపించినా సైకియాట్రిస్టును కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే ఇంట్లోవారికి చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. బర్నవుట్‌కంటూ మాత్రలేమీ లేవు. డిప్రెషన్‌కూ ఆందోళనకూ మాత్రం మంచి మందులున్నాయి, అవసరమైతే వాడటానికి సంకోచం వద్దు. నిద్ర మాత్రలు మాత్రం సొంతంగా కొని వేసుకోకండి.

ముందు ఆ రక్త పరీక్షలు చేయించుకోండి. రిపోర్టులతో పాటు రెండు వారాల గంటల లెక్క కూడా పంపితే మందులు కావాలో వద్దో అప్పుడు చెప్పగలను.