పాదం చివర ‘గో’ ఏమిటి?

ప్రశ్న: కరుణశ్రీ ‘పుష్పవిలాపం’లోని ఒక పద్యంలో ‘చివాలున కొమ్మ వంచి గో’ అని ఒక పాదం ఆగిపోయి, తర్వాతిది ‘రానెడునంతలోన’ అని మొదలవుతుంది. ఈ ‘గో’ ఏమిటి? ‘రానెడు’ అంటే రావడమేనా?

సమాధానం: కాదండీ, అచ్చులో అలా విరిగి కనబడేసరికి చాలామంది తికమకపడతారు. అది గోరు + ఆనెడు = గోరానెడు. ఆను అంటే తగులు, ‘కంటికి ఆనడం లేదు’ అంటామే, ఆ మాటే. పూలు కొయ్యబోయిన కవి ఇంకా కొయ్యలేదు, గోరు తగలబోతుండగానే పూలన్నీ ‘మా ప్రాణము తీతువా’ అని బావురుమన్నాయట. ఈ కావ్యంలో శోకం మోతాదు కాస్త ఎక్కువేనని నాకూ అనిపిస్తుంది గానీ, ఈ గోరు దగ్గర మాత్రం కవికి దణ్ణం పెట్టాల్సిందే.

ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, ‘గో’తో అవి నిండిపోయాయి, మిగిలిన ‘రా’ కింది పాదానికి జారింది. వృత్తాల్లో ఇది మామూలే. నమ్మకం కుదరకపోతే యతి (పాదం మొదటి అక్షరానికీ, అదే పాదంలో నియమించిన మరో అక్షరానికీ ఉండాల్సిన పొందిక) చూడండి: రెండో పాదంలో మొదటి అక్షరం ‘రా’, పదోది ‘విరులన్నియు’లోని ‘ల’. గోరు + ఆనెడులో ఆ, విరులు + అన్నియులో అ, ఈ రెండు అచ్చులకే ఇక్కడ యతి. ‘రానెడు’ అని విడిగా చదివితే ఆ ‘ఆ’ మనకు దొరకనే దొరకదు.

మీరు అడగలేదు గానీ, ‘ఆనెడు + అంత’ దగ్గరా ఉకారం మీద అచ్చే వచ్చింది, మరి గోరులో పోయినట్టు ఇక్కడ ఉకారం ఎందుకు పోలేదు? ‘ఆనెడు’ తద్ధర్మ విశేషణం, అంటే ఫలానా కాలమని చెప్పకుండా పనిని తెలిపే విశేషణం కాబట్టి. ఉకారంతో ముగిసే అలాంటి విశేషణానికి అచ్చు పరమైతే నుగాగమం వస్తుందని, అంటే నడుమ ఒక నకారం వచ్చి చేరుతుందని చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పాడు. ‘చేయునతడు’లో ఉన్న నకారమే ఇదీ. కాబట్టి పాడేటప్పుడు ‘గో’ దగ్గర ఊపిరి ఆపకుండా ‘గోరానెడునంతలోన’ అని ఒక్క ఊపులో లాగెయ్యండి.

అన్నట్టు, ఆయువు తీరాక తాము ఎక్కడ రాలిపోతామో పూలు చెప్పే చోట ‘హాయిగ కన్ను మూసెదము ఆయమ చల్లని కాలివ్రేళ్లపై’ అని ఉంది కదా, అక్కడ ‘మూసెదము’కీ ‘ఆయమ’కీ కవి సంధే చెయ్యలేదు. చేస్తే ఒక అక్షరం తగ్గి గణం చెడుతుంది. కట్టుదిట్టం మనుషులు విసంధి (సంధి చెయ్యాల్సిన చోట చెయ్యని దోషం) అని మొహం చిట్లిస్తారు, నాకైతే పెద్ద తప్పుగా తోచదు. ఇంకో మాట, ‘ఆయమ’లో యముడెవరూ లేడు, ఆ అమ్మ, అంటే పూలను కన్న తీగతల్లి.