సెమినార్లకు వెళ్తే ఏం వస్తుంది అంటే... ఎనిమిది గ్లాసుల టీ

"ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌లో చేరాను. డిపార్ట్‌మెంట్లో సెమినార్లు, స్టాటిస్టిక్స్ డే అంటూ ఏదో ఒకటి పెడుతూనే ఉంటారు. ఇవన్నీ అటెండెన్స్ కోసమేనా, నిజంగా ఏమైనా వస్తుందా?" అని అడిగారు.

వెళ్లండి. కానీ వెనక వరసలో కూర్చోవడానికి కాదు, ఏదో ఒక పని నెత్తిన వేసుకోవడానికి. నేను కోస్తాలో ఒక యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేశాను. ఆ రెండేళ్లలో విన్న గెస్ట్ లెక్చర్లు ఒక్కటీ సరిగ్గా గుర్తు లేవు. ఎనిమిది గ్లాసుల టీ మాత్రం మర్చిపోలేను.

జూన్ 29, మన దేశంలో స్టాటిస్టిక్స్‌కి పునాది వేసిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ పుట్టినరోజు. 2007 నుంచి ఆ రోజునే దేశమంతా స్టాటిస్టిక్స్ డే జరుపుతున్నారు. మా దగ్గర ఆ సమయానికి సీనియర్లు పరీక్షలు రాసి వెళ్లిపోతారు, జూనియర్లు ఇంకా చేరరు. ఆ ఏడు హాల్లో సగం కుర్చీలు ఖాళీ. మాకు పాఠాలు చెప్పే మేడమ్, ఆఫీసు స్టాఫ్‌ని, లైబ్రరీ వాళ్లని, తోటమాలిని కూడా పిలిపించి కూర్చోబెట్టారు. అదే మంచిదైంది.

ఆ రోజు డెమో, స్టాటిస్టిక్స్‌లో పెద్ద పేరున్న ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఫిషర్ 1935లో తన పుస్తకంలో రాసిన టీ ప్రయోగం. కప్పులో ముందు పాలు పోశారా, టీ పోశారా అన్నది రుచి చూసి చెప్పగలనని ఒకావిడ అంటుంది. ఎనిమిది కప్పులు, నాలుగు ఇలా, నాలుగు అలా. మనం పాలూ టీ పొడీ కలిపే మరిగిస్తాం కాబట్టి ఏం చేద్దామా అని చూస్తుంటే, మా అటెండర్ బాబాయ్ లేచి, "పంచదార మరిగేటప్పుడు వేశారో, దించాక కలిపారో నేను చెప్తానండి" అన్నారు. పాతికేళ్లుగా డిపార్ట్‌మెంట్‌కి టీ తెస్తున్నది ఆయనే.

టీ పెట్టింది నేను. మొదటి రకం నాలుగు గ్లాసుల్లో పోసి పక్కన పెట్టి, తర్వాత రెండో రకం కాచాను. గ్లాసుల అడుగున నంబర్లు అంటించి, ఏ వరసలో ఇవ్వాలో చీటీలు తీశాం. బాబాయ్ ప్రతి గ్లాసుకీ ముందు నీళ్లతో పుక్కిలించి, ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, గ్లాసుని ఎడమవైపో కుడివైపో పెట్టారు. రెండు వైపులా మూడేసి సరిగ్గా వచ్చాయి. ఒకటే చప్పట్లు.

మేడమ్ బోర్డు మీద లెక్క వేశారు. ఎనిమిదిలో నాలుగు ఎంచడానికి 70 దారులు. నాలుగూ కరెక్టయ్యేది ఒక్కటి, మూడు కరెక్టయ్యేవి 16. అంటే కనీసం మూడు కరెక్టయ్యేవి 70కి 17. టీ నోట్లో పెట్టకుండా ఊరికే ఎంచినా నలుగురిలో ఒకరికి దాదాపు ఇంత వస్తుంది, దీన్ని రుజువనలేం అన్నారు.

బాబాయ్ నొచ్చుకున్నారు. "టీలు సమానంగా లేవు మేడమ్ గారూ. కొన్ని చల్లారిపోయాయి, కొన్ని నాలుక కాలుస్తున్నాయి. కాలే టీలో రుచేం తెలుస్తుందండీ?"

మేడమ్ చాక్‌పీస్ పక్కన పెట్టి గ్లాసులు ముట్టుకుని చూశారు. "ముందు ఏ రకం పోశావమ్మా?" అని నన్నడిగారు. చెప్పాను. "అయితే చల్లారినవన్నీ ఒకే రకం. ఆయన రుచి పట్టి చెప్పారో, వేడి పట్టి చెప్పారో మనకెలా తెలుస్తుంది?" నాకు చెమటలు పట్టాయి. డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్ పరీక్షలో రాండమైజేషన్ (ఏది ఎప్పుడు, ఎవరికి అన్నది మన ఇష్టానికి కాకుండా లాటరీకి వదిలేయడం) గురించి పేజీలు నింపిన దాన్ని. చీటీలు తీస్తే అయిపోయిందనుకున్నాను.

అంతలో చీఫ్ గెస్ట్ వచ్చారు, గంటన్నర ఆలస్యంగా. అన్నీ ఆపేసి జ్యోతి ప్రజ్వలన, దండలు, శాలువాలు, మెమెంటోలు, ఫోటోలు. ఇది మాత్రం నాకు ఇప్పటికీ కడుపుమంట. ఫ్లెక్సీలకీ శాలువాలకీ డబ్బులుంటాయి. పిల్లలు వారం రోజులు కూర్చుని వేసిన పోస్టర్ల దగ్గర రెండు నిమిషాలు నిలబడే తీరిక ఎవరికీ ఉండదు.

సాయంత్రం అందరూ వెళ్లాక ఆరుగురం మిగిలాం. రెండు ఒకే రకం ఫ్లాస్కులు తెచ్చి, రెండు టీలూ ఒకే వేడిలో పోశాం. బాబాయ్ నాలుగూ సరిగ్గా చెప్పారు! మేం గంతులేస్తుంటే మేడమ్, "పొద్దున్నది కూడా కలిపి రాయండి. బాగా వచ్చిందొక్కటే రాస్తే అది అబద్ధమే" అన్నారు. రాశాం. ఏ లెక్క ఏం చెప్పినా, బాబాయ్‌కి ఆ తేడా తెలుస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎమ్మే చేసిన స్టాటిస్టిక్స్‌లో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న సి.ఆర్.రావు గారి సంగతీ చూడండి, క్లాసులో ఒక్క ప్రశ్న ఏం చేస్తుందో. కలకత్తాలో క్లాసు చెబుతుంటే, పెద్ద శాంపిల్స్‌కి చెప్పిన ఫలితం చిన్న శాంపిల్స్‌కీ వస్తుందా అని దండేకర్ అనే విద్యార్థి అడిగాడు. అప్పటికి రావు గారికి పాతికేళ్లు నిండలేదు. రాత్రికి రాత్రి సాధించి మర్నాడు క్లాసులో చెప్పారు. 1945 పేపర్‌లో వచ్చిన క్రామర్–రావు బౌండ్ (శాంపిల్ చూసి వేసే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే హద్దు) అదే. మా సెమినార్లలో "ఎనీ క్వశ్చన్స్?" అనగానే అందరి చూపూ సమోసాల మీదే. అలా కూర్చుంటే మీరన్నట్టు అటెండెన్స్ తప్ప ఏమీ రాదు.

ఈసారి జూన్ 29కి మీ దగ్గర ఏ డెమో పెడుతున్నారో ముందే కనుక్కుని పేరివ్వండి. ఆఫీసు స్టాఫ్‌ని కూడా పిలవమని మీ సార్‌తో చెప్పండి.