ఇంప్లాంట్‌కి ముందు దవడలో ఎముక పొడి ఎందుకు వేస్తారు?

నల్లగొండ నుంచి అడిగారు: అమ్మకు దవడ పన్ను తీసి మూడేళ్లయింది, ఇంప్లాంట్‌కి (దవడ ఎముకలో స్క్రూ బిగించి పెట్టే కృత్రిమ పన్నుకి) ముందు ఎముక వేయాలంటున్నారు, ఇది ఫ్లోరైడ్ నీళ్ల వల్లేనా అని.

కాదండీ. ఆ నీళ్లు మనవాళ్ల పళ్లమీద గోధుమరంగు మచ్చలు తెచ్చాయి గానీ, ఇక్కడ అసలు కారణం పన్ను లేకపోవడమే. నమిలే ఒత్తిడి అందక ఎముక కరిగిపోతుంది. మొదటి ఏడాదిలోనే వెడల్పు సగం దాకా తగ్గొచ్చు. ఇక స్క్రూకి పట్టు దొరకదు. అందుకే చిగురు తెరిచి, ఎముక పొడి నింపి, పైన పల్చని పొర కప్పి కుట్లేస్తారు. ఆ పొడి సాధారణంగా పశువు ఎముకను శుద్ధిచేసి తీసిందే. వద్దనుకుంటే ముందే చెప్పండి, కృత్రిమమైనదీ దొరుకుతుంది. గట్టిపడటానికి 4 నుంచి 6 నెలలు పడుతుంది, తొందరపెట్టకండి.

అందరికీ ఇది అవసరం పడదు, సీబీసీటీ స్కాన్ (దవడను 3డీలో చూపే ఎక్స్‌రే) తీసి ఎముక కొలత చూపించమనండి. అమ్మకు షుగర్ ఉంటే ముందు దాన్ని అదుపులోకి తేవాలి.