పాఠకుల ప్రశ్నలు: పాత పద్మిని లోపలి సామానుకు కొత్త పూత

ప్రశ్న: మా నాన్నగారు 1983లో కొన్న ప్రీమియర్ పద్మిని కారు ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తున్నది. మీటర్ల చుట్టూ ఉన్న నల్ల ప్లాస్టిక్ చట్రం వెలిసిపోయిందని మొన్న నవంబరులో విప్పి, స్ప్రే డబ్బాతో నేనే రంగు వేశాను. మరునాటికి ఒక పక్క బూడిద పూసినట్లు తెల్లబడింది. మరో పక్క ఆవగింజంత గుండ్రటి గుంటలు పడి అడుగు కనిపిస్తున్నది. తలుపుల లోపలి హ్యాండిళ్ల క్రోమ్ బొబ్బలెక్కింది. స్టీరింగుకు పగుళ్లు పడ్డాయి. ఇవన్నీ ఇంట్లోనే బాగుచేసుకోవచ్చునా? — ఒక పాఠకుడు, కావలి

జవాబు: చట్రం మీద మీరు చూస్తున్నవి రెండు వేర్వేరు లోపాలు. తెల్లదనం మన వాతావరణం చేసిన పని. రంగును పలుచబరచే థిన్నర్ ద్రవం త్వరగా ఆవిరై పూతను చల్లబరుస్తుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు గాలిలో తేమ ఎక్కువ గనుక, ఆ చల్లటి పూత మీద చెమ్మ దిగి లోపల చిక్కుకుంటుంది. అలాగని రోహిణి కార్తెలో వేస్తే రంగు తుంపర చట్రాన్ని చేరేలోపే ఆరిపోయి, చేతికి ఉప్పు కాగితంలా గరగరలాడుతుంది. సంక్రాంతి దాటిన తరువాత, పొద్దుటి మంచు విడిచాక, పదిగంటల వేళ మొదలుపెట్టడం మంచిది.

గుంటలకు కారణం మాత్రం మీ ఇంట్లోనే ఉండవచ్చు. డ్యాష్‌బోర్డు మెరవాలని ఏళ్ల తరబడి రుద్దే పాలిష్‌లలో చాలావాటిలో సిలికోన్ ఉంటుంది. తామరాకు మీద నీటిబొట్టు నిలవనట్లే దాని మీద రంగు పరచుకోదు. కాబట్టి చట్రాన్ని ఉప్పు కాగితంతో రుద్దడానికి ముందే గిన్నెల సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టి, రంగుల దుకాణంలో దొరికే మైనం, జిడ్డు తీసే ద్రవంతో ఒక గుడ్డ తడిపి తుడిచి, అది ఆరకముందే మరొక పొడి గుడ్డతో ఎత్తివేయాలి. గుడ్డ మడత మార్చకుండా తుడిస్తే జిడ్డును అటునుంచి ఇటు పులిమినట్లే. ఈ పని చేయకుండా ఉప్పు కాగితం పట్టుకుంటే ఆ జిడ్డును గీతల్లోకి మనమే ఎక్కిస్తాము. పాడైన పూతను థిన్నర్‌తో తీయాలని చూడకండి, ప్లాస్టిక్ కరిగి పగుళ్లు తేలవచ్చు. 400 నంబరు వాటర్ పేపరుతో (నీళ్లలో తడిపి వాడే ఉప్పు కాగితం) తడిగా రుద్ది, 600తో నునుపు చేసి, మళ్లీ ఒకసారి తుడిచి, రంగు పట్టుకోవడానికి అడుగున వేసే ప్లాస్టిక్ ప్రైమర్ వేయండి. రంగు మొదటి పూత అడుగు పూర్తిగా కప్పనంత పలుచగా ఉండాలి. తరువాతివి పది పదిహేను నిమిషాలు ఆగి ఒక్కొక్కటిగా వేయాలి. మెరుపు రంగు మాత్రం కొనకండి. మధ్యాహ్నపు ఎండలో హైవే మీద ఆ మెరుపంతా ముందు అద్దంలో ప్రతిబింబించి దారిని కప్పుతుంది.

హ్యాండిళ్ల సంగతి ఇంట్లో తేలేది కాదు. అయస్కాంతం అంటకపోతే అవి జింకు మిశ్రమంతో పోత పోసినవి కావచ్చు. మన సముద్రపు గాలికి జింకు లోలోపల తుప్పు పట్టి పూతను పైకి నెడుతుంది. క్రోమ్ చాలా పలుచని పూత, గుంటలను నింపదు. వాటిని అరగదీసి, రాగి, నికెల్, ఆపైన క్రోమ్ వరుసగా వేయించాలి. జింకు సామాను చేసిన అనుభవం ఉందా అని పూతవాళ్లను ముందే అడగండి, ఎందుకంటే ఇనుప సామానుకు వాడే ఆమ్లంలో వేస్తే హ్యాండిలే కరిగిపోతుంది, పద్మిని తయారీ 2000 ప్రాంతంలోనే ఆగిపోయింది గనుక బదులు దొరకడం కష్టం. బొబ్బలు రెండో మూడో అయితే నేనైతే అలాగే ఉంచుతాను. వెండి రంగు పూస్తే చేతి రాపిడికి కొద్దినెలల్లోనే ఊడిపోతుంది.

స్టీరింగు పగుళ్లను చాకు మొనతో కాస్త వెడల్పు చేసి, నెమ్మదిగా గట్టిపడే రకం ఆరల్డైట్ జిగురు నింపి, ఒక రోజు ఆగి రుద్దండి. చేతి చెమటకు తట్టుకోవాలంటే పైన పీయూ (పాలీయురెథేన్) రంగు కావాలి. దాని ఆవిరి ఊపిరితిత్తులకు ప్రమాదకరం గనుక, తగిన మాస్కు వాడే కార్ల పెయింటింగు షెడ్డులోనే వేయించండి.