బొంతలు కుట్టి పంచే బృందం ఏం చేస్తుంది? పాలమూరు నుంచి ఒక జవాబు

"మా కాలనీలో పదిమంది ఆడవాళ్లం కలిసి బొంతలు కుట్టి లేనివారికి ఇద్దామనుకుంటున్నాం. ఇలాంటి బృందాలు ఏయే పనులు చేస్తాయి, ఒక్కో బొంతకు ఎంత ఖర్చవుతుంది, విదేశాల్లో కూడా ఇలాంటివి ఉన్నాయా?" అని మీరు అడిగారు. మహబూబ్‌నగర్‌లో మా వీధి ఆడవాళ్లం పదకొండుమందిమి 2007 నుంచి ఇదే పని చేస్తున్నాం కనుక జవాబు చెప్పే అర్హత నాకుందని అనుకుంటున్నాను. ఖర్చు సంగతి ముందే చెప్పేస్తాను. చీరలు ఊరికే వస్తాయి, దారానికీ సూదులకూ అయ్యేది చిల్లర ఖర్చు, పంచడానికి వెళ్లే బండి కిరాయే అసలు ఖర్చు. ఇక నేను చెప్పదలచుకున్నది వేరే ఉంది. మీరు బొంత ఎవరికిస్తున్నారో ఆ మనిషి దానిని మరొకరి సాయం లేకుండా ఉతికి, పిండి, ఒక్క పూట ఎండలో ఆరబెట్టుకోగలగాలి. ఈ లెక్క తప్పితే మీరెంత సొగసుగా కుట్టినా అది మూలన పడి ఎలుకల పాలవుతుంది. మాకు ఈ సంగతి 2009 వరదల దాకా తెలియలేదు.

అంతకుముందు మేము ఏడు పొరల బొంతలు కుట్టేవాళ్లం. మాలో అందరికన్నా పెద్దావిడను మేమంతా పెద్దక్క అని పిలుస్తాం. ఆమె అమ్మగారింట ఏడు పొరలు వేసేవారట, అందువల్ల ఏడు పొరలు లేనిది బొంతే కాదని ఆమె సిద్ధాంతం. ఇద్దరు పడుకునే వెడల్పుతో ఏడు పొరలు వేయాలంటే దాదాపు అయిదు నూలు చీరలు పడతాయి, పొడిగా ఉన్నప్పుడే రెండు కిలోలు దాటుతుంది. చేత్తో ఎత్తి చూసినప్పుడు ఆ బరువు మాకు గొప్పగా అనిపించేది.

ఆ ఏడాది అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, కృష్ణ రెండూ పొంగాయి. శ్రీశైలం జలాశయంలోకి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. కర్నూలు మునిగిన సంగతి అందరూ చెప్పుకుంటారు గానీ, ఇవతలి ఒడ్డున అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న అలంపూర్, రాజోలి మునిగిన సంగతి చాలామందికి గుర్తే లేదు. రాజోలి నేత ఊరు. గుంట మగ్గం అంటే నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేసేది. ఆ గుంటలోకి ఏరు వచ్చి బురద నింపి పోతే, ఆ ఇంటికి పనీ కూడూ రెండూ ఒకేసారి పోయినట్టే. మా దగ్గర అప్పటికి పదహారు బొంతలు సిద్ధంగా ఉన్నాయి. బియ్యం బస్తాలు తీసుకుపోతున్న ఒక డీసీఎం బండిలో చోటు అడిగి మేము అయిదుగురం బయలుదేరాం. బండి మమ్మల్ని అక్కడ దించి, వేరే ఊళ్లలో బియ్యం పంచి సాయంత్రం వస్తానని వెళ్లిపోయింది.

నీళ్లు తీసి పది రోజులైనా, మనుషులు తలదాచుకున్న గదుల్లో నేల ఇంకా చెమ్మగానే ఉంది. గోడల మీద నీళ్లు నిలిచిన గీత నా తలకన్నా పైన ఉంది. అరవై ఏళ్లు దాటిన ఒక నేత అవ్వకు పెద్దక్క తానే స్వయంగా బొంత అందించింది. అవ్వ దానిని రెండు చేతుల మీద పెట్టుకుని బరువు చూసింది, తిరగేసింది, కుట్టు వెంబడి బొటనవేలితో తడిమింది.

"ఎన్ని పొరలు బిడ్డా?"

"ఏడు" అంది పెద్దక్క, కొంచెం గర్వంగానే.

"మంచిగనే కుట్టిన్రు. గని ఈ నేల చెమ్మంత గుంజుకున్నదంటే ఇద్దరు పట్టి పిండాలె. మా ఇంట్ల పిండేటిదాన్ని నేనొక్కదాన్నే."

అలా అని ఆమె ఎవరినో బ్లేడు అడిగి తెప్పించుకుంది, బొంత మూలన ఉన్న ముడిని తెంపింది, దారం లాగడం మొదలుపెట్టింది. కుట్లను పటపటా కోసేయలేదు. పోగు తెగకుండా మెల్లగా లాగుతూ, రొండిన దోపుకున్న, నూలు చుట్టే ఖాళీ కండె ఒకటి తీసి దాని మీద చుట్టుకుంటూ పోయింది. ఎక్కడైనా దారం తెగితే రెండు వేళ్లతో కనురెప్ప వాల్చేంతలో ముడి వేసేది. ఆ కండె ఆమెకు బురదలోంచి దొరికిందట, మగ్గం సామానులో అంతే మిగిలిందట. నేను ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని. నేను దిద్ది ఇచ్చిన నోటుపుస్తకాన్ని నా ముందే చింపుతున్నట్టు అనిపించి ముఖం తిప్పుకున్నాను. పెద్దక్క అయితే లేచి బయటికి వెళ్లిపోయింది. మాలో అందరికన్నా చిన్నమ్మాయి మాత్రం ఏమీ అనుకోకుండా అవ్వ ఎదురుగా కూర్చుని రెండో అంచు నుంచి విప్పడం అందుకుంది. మధ్యాహ్నానికి మేమూ కూర్చున్నాం. వెళ్లడానికి బండి లేదు, చేయడానికి వేరే పనీ లేదు. పొద్దు వాలేసరికి ఆ ఏడు పొరలు మూడుగా, నాలుగుగా విడిపోయి రెండు బొంతలయ్యాయి. నాలుగు పొరలది పక్కనున్న బాలింతకు ఇచ్చి, మూడు పొరలది తాను ఉంచుకుంది. అది చూసి మరో ముగ్గురు తమ బొంతలూ విప్పుకున్నారు.

వెళ్లే ముందు అవ్వ ఇంకో తప్పు చూపించింది. లోపలి పొరల్లో ఒకచోట గుడ్డ ముడుచుకుపోయి గడ్డ కట్టినట్టు ఉంది. అది ఎవరో కట్టకుండానే ఇచ్చిన కొత్త చేనేత చీర. గంజి పోకుండా, ఉతకకుండా కుట్టేశాం. మిగతా పొరలు ఎప్పుడో కుదించుకుపోయి ఉన్నాయి, ఇది మాత్రం మొదటి తడికి ముడుచుకుంది. పడుగు, పేక, అంటే నిలువు పోగు, అడ్డ పోగు తెలిసిన చేతికి అది ముట్టుకోగానే తెలిసింది. తిరుగు ప్రయాణంలో బీచుపల్లి దగ్గర కృష్ణ దాటేదాకా బండిలో ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు పెద్దక్క ఒక్కటే అంది: "కుట్టనీకి పన్నెండు రోజులు, విప్పనీకి ఒక్క పూట."

ఇప్పుడు మేము చేసే పద్ధతి చెబుతాను. నూలు చీర పద్దెనిమిది అడుగులుంటుంది. దానిని మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, నాలుగడుగులకు కాస్త తక్కువ వెడల్పు వస్తుంది. అంటే ఒక చీరతో ఒక మనిషికి మూడు పొరలు తయారు. దాని మీద మరో చీరలోంచి ఒక పొర వేసి నాలుగుతో ఆపేస్తాం. వచ్చిన ప్రతి గుడ్డనూ ముందు ఉప్పునీళ్లలో నానబెడతాం, రంగు వదిలేదైతే అక్కడే తెలిసిపోతుంది. తరువాత ఉతికి ఎండబెట్టి, బుధవారం రెండు గంటలకు గుడి పక్క హాలులో జంపఖానా పరిచి, దాని మీద పొరలు సవరించి, నాలుగు మూలలా రాళ్లు పెడతాం. ముందు దూరదూరంగా కుట్లు వేసి పొరలు కదలకుండా చేసి, ఆపైన అంచుల నుంచి నడిమికి కుట్టుకుంటూ వస్తాం. దీపాలు పెట్టాక సూది చేతులు మారకూడదని మాలో కొందరికి పట్టింపు ఉంది కనుక ఆ లోపే లేస్తాం. నిజానికి మాలో సగం మందికి ఆ వేళకు సూది బెజ్జం కనిపించదు.

గుడ్డల సంగతిలో మీరు కఠినంగా ఉండాలి. బొంతల కోసం చీరలు కావాలని ఒక్క మాట అంటే చాలు, జనం ఇళ్లలో ఇరుకు చేస్తున్నదంతా మూటగట్టి మీ గుమ్మంలో పడేస్తారు. మాకు ఒకసారి చిరిగిన స్కూలు బ్యాగులు, ఒంటి మేజోళ్లు కూడా వచ్చాయి. మెరిసే పాలిస్టర్ చీరలు తెచ్చి "ఇంకా కొత్తవే, చిరుగనేది లేదు" అని మురిపెంగా ఇస్తారు. పాలిస్టర్ జారుతుంది, చెమట పీల్చదు, దానికింద పడుకున్నవాడికి నిద్ర పట్టదని నా గట్టి నమ్మకం. నిద్ర మాట నాతో ఎవరైనా వాదించవచ్చు గానీ నిప్పు మాట వాదనకు అందనిది. నల్లమల అడవిలో అమ్రాబాద్ పైనున్న ఒక చెంచు పెంటకు, అంటే చెంచుల గూడేనికి, చలికాలంలో బొంతలు తీసుకువెళ్లినప్పుడు, పైపొర అందంగా ఉంటుందని ఒకదానికి పాలిస్టర్ వేశాం. అక్కడ రాత్రంతా పొయ్యి నెగడు పక్కనే పడుకుంటారు. మరుసటి నెల వెళ్లి చూస్తే, నిప్పురవ్వలు పడిన చోటల్లా అది కరిగి, గట్టిపడి, చిల్లులై ఉంది. నూలు గుడ్డ కాలితే మసై రాలిపోతుంది, ఇది కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఆ బొంత కప్పుకున్నది ఒక ఆరేళ్ల పిల్ల. ఆ పిల్లకు ఏమీ కాలేదు గానీ, ఆనాటి నుంచి మా హాలులోకి పాలిస్టర్ ముక్క రాదు.

గద్వాల చీరలు ఇచ్చేవారు కూడా ఉంటారు. ఒళ్లు నూలు, అంచు పట్టు. ఒళ్లు బొంతకు బంగారంలాంటిది, అంచూ కొంగూ మాత్రం కత్తిరించి పక్కన పెట్టాలి, జరీ ఉన్నచోట సూది మొరాయిస్తుంది, కప్పుకున్నవారికి గీసుకుంటుంది. నారాయణపేట గళ్ల చీరకు సాటి లేదు. గళ్ల వెంబడి కుట్టుకుంటూ పోతే గీత గీయనక్కర్లేకుండా కుట్టు నేరుగా వస్తుంది.

చనిపోయినవారి చీరల విషయం మీకు తప్పకుండా ఎదురవుతుంది. తల్లి పోయాక ఆ బీరువా ఏం చేయాలో తెలియక, పారేయలేక, బిడ్డలు మీ దగ్గరికి వస్తారు. తీసుకునేవారికి ఆ మాట తెలిస్తే కొందరు ముట్టుకోరు, వారిని తప్పుపట్టను. మా పద్ధతి ఏమిటంటే, ఆ చీరలతో ఒక బొంత కుట్టి ముందు ఆ ఇంటివారికే ఇస్తాం. చాలామంది ఏడుస్తూ పట్టుకుపోతారు. ఆ తరువాత వాళ్లే వెతికి వేరే మంచి చీరలు తెచ్చి ఇస్తారు. మా దగ్గరకు వచ్చే నాణ్యమైన నూలులో ఎక్కువ భాగం ఇలా వచ్చిందే.

పసిపిల్లల పొత్తిగుడ్డలు కుట్టడం సులువైన పని, కొత్తగా చేరినవారికి అదే ఇవ్వండి. పుట్టిన బిడ్డకు ముందు పాత గుడ్డే చుట్టాలనే ఆచారం మనకు ఉన్నదే కనుక ఇక్కడ పాతదని ఎవరూ వంక పెట్టరు. వంక పెట్టేది కాగితాలవాళ్లు. ఒక ఆసుపత్రిలో రెండు పొరల గుడ్డలు నలభై తీసుకువెళితే దరఖాస్తు అన్నారు, సంఘానికి రిజిస్ట్రేషన్ ఉందా అన్నారు, సంతకం చేయవలసిన మనిషి సెలవులో ఉన్నారన్నారు. మూడుసార్లు తిరిగి, చివరికి గేటు బయట కూర్చున్న అమ్మమ్మల చేతుల్లోనే పెట్టి వచ్చాం. పది నిమిషాల పని.

ప్రశ్నలో మీరు విదేశాల సంగతి కూడా కదిపారు. అమెరికాలో 1995లో కొలరాడోలో మొదలైన ప్రాజెక్ట్ లైనస్ అనే సంస్థ జబ్బుపడిన, కష్టాల్లో ఉన్న పిల్లలకు చేత్తో చేసిన దుప్పట్లు ఇస్తుంది, మంచి పనే. అయితే అక్కడి బొంత సాధారణంగా కొత్త గుడ్డ ముక్కలతో పైపొర, నడుమ దూది పొర, అడుగున మరో గుడ్డ. వారి ఇళ్లలో ఉతికే యంత్రాలు, ఆరబెట్టే యంత్రాలు ఉన్నాయి. మనవాళ్లకు బోరింగు పంపు, బండరాయి, ఎండ. వారి నమూనాలు ఫోన్‌లో చూసి దూది పొర వేయకండి. ఒక వానకు అది ముద్దైపోతుంది. మనకు పొరుగు నమూనా కావాలంటే కన్నడ సీమలో పాత చీరలతోనే కుట్టే కౌది ఉంది, మన నారాయణపేట దాటితే అదే కదా.

ఇవ్వడానికి మీరే వెళ్లండి, ఎవరి చేతికో అప్పగించకండి. ఫ్లెక్సీ కట్టకండి, బొంత మూలన సంఘం పేరు కుట్టకండి, తీసుకునేవారిని వరసగా నిలబెట్టి ఫోటోలు తీయకండి. మాతో ఒకసారి ఒక పెద్దమనిషి వచ్చి, ఫోటో సరిగా రాలేదని ఒక ముసలాయన చేతిలోని బొంతను వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చాడు. ఆ ఫోటో ఆయన దగ్గర ఇంకా ఉండే ఉంటుంది. ఇచ్చిన నెలకో రెండు నెలలకో మళ్లీ వెళ్లి, బొంత ఎక్కడ ఆరేశారో చూడండి. దండెం మీద కనిపిస్తే పరవాలేదు. గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా అయి ఉంటే, బరువెక్కువైందో కుట్టు నిలవలేదో వారినే అడగండి. మొహమాటపడినా, రెండోసారి అడిగితే చెబుతారు.

మా పెద్దక్క ఇంట్లో మనవళ్లకు ఇప్పటికీ ఏడు పొరలే కుడుతుంది. మా నాలుగు పొరలదానిని బొంత అనడానికి ఆమెకు నోరు రాదు, దుప్పటి అంటుంది. బుధవారం అందరికన్నా ముందు వచ్చి, నీళ్లలో నానిన గుడ్డలను వాసన చూసి గంజి పోయిందో లేదో చెప్పేది మాత్రం ఆమే.