పాఠకుల ప్రశ్నలు: గ్రెనడా కోకో గింజలు రైతు దగ్గరే కొనొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి కరీబియన్ ద్వీపదేశం గ్రెనడాలో మెడిసిన్ చదువుతోంది. సెలవులకు వస్తూ అక్కడ తయారైన చాక్లెట్ తెచ్చింది. తిన్నాక నాకు మతిపోయింది! నేను ఇంట్లోనే చిన్న గ్రైండర్ పెట్టుకుని చాక్లెట్ చేసి అమ్ముతుంటాను. మధ్యలో దళారి లేకుండా అక్కడి చిన్న రైతు దగ్గరే గింజలు కొనాలని ఉంది, ఆయనకూ నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి కదా. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ ఆలోచన మంచిదే గానీ ముందు వెతకాల్సింది గింజలు పులియబెట్టే చోటు. రైతు సంగతి ఆ తర్వాత.

ఎందుకంటే కోకో కాయ పగలగొట్టగానే గుజ్జుతో ఉన్న పచ్చి గింజలకు చాక్లెట్ రుచి ఉండదు, చేదుగా, వగరుగా ఉంటాయి. వాటిని చెక్క పెట్టెల్లో పోసి, అరటి ఆకులు కప్పి, మధ్యమధ్యలో తిరగేస్తూ 5 నుంచి 7 రోజులు పులియబెడితే లోపల వేడి 45, 50 డిగ్రీల దాకా వెళ్తుంది. గింజలో మొలక చచ్చిపోయి, ఊదారంగు గోధుమరంగులోకి తిరిగి, వేయించినప్పుడు వచ్చే ఆ వాసనకు పునాది పడేది అప్పుడే. రెండెకరాల రైతుకు ఒక కోతలో వచ్చే కాసిని గింజలకు అంత వేడి పుట్టదు. చలికాలంలో చిన్న గిన్నెలో కలిపిన ఇడ్లీ పిండి మీ ఇంట్లో ఏమవుతుందో మీకు తెలిసిందే. అందుకే గ్రెనడాలో చాలామంది రైతులు పచ్చి గింజలనే అమ్మేస్తారు, పులియబెట్టి ఆరబెట్టే పని కొన్నవాళ్ళది. ఎగుమతిలో ఎక్కువ భాగం 1964లో ఏర్పడిన గ్రెనడా కోకో అసోసియేషన్ చేతుల మీదుగా వెళ్తుంది. సొంతంగా పులియబెట్టే ఎస్టేట్లూ ఉన్నాయి. 1999లో మాట్ గ్రీన్ ఇద్దరు మిత్రులతో కలిసి అక్కడ పెట్టిన చాక్లెట్ కంపెనీ కూడా పండించడం నుంచి బిళ్ళ చుట్టడం దాకా ద్వీపంలోనే జరగాలని పట్టుబట్టింది.

ఆరబెట్టడం చూస్తే మీకు మన కళ్ళాలు గుర్తొస్తాయి. వడ్లు తిరగేసినట్టే గింజల్లో నడుస్తూ పాదాలతో తిప్పుతారు. వాన పడితే పెద్దపెద్ద తట్టలను పట్టాల మీద షెడ్డు కిందికి నెట్టేస్తారు. వానలు ఎక్కువున్న మరికొన్ని చోట్ల కట్టెల మంట మీద ఆరబెడతారు, ఆ పొగ గింజకు పట్టిందంటే ఇక పోదు. నేను ఒకసారి ఒక వ్యాపారి పంపిన శాంపిల్ చూసి మురిసిపోయి బస్తా తెప్పించాను, వచ్చింది వేరే లాట్. చాక్లెట్ చేస్తే కాల్చిన వంకాయ వాసన! ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ ఏడిపిస్తారు.

కాబట్టి మీరు కొనబోయే లాట్ నుంచే కిలో శాంపిల్ అడగండి. యాభై గింజలు నిలువుగా కోసి చూడండి. లోపల గోధుమరంగు, పగుళ్ళు ఉంటే బాగా పులిసినట్టు, ఊదారంగు ఎక్కువైతే పులియడం చాలనట్టు, పలకలా బూడిదరంగులో గట్టిగా ఉంటే అసలు పులియనట్టే. బూజు కనిపిస్తే ఇంకేం చూడక్కర్లేదు. తేమ 7 శాతం దగ్గర ఉండాలి, 8 దాటితే దారిలోనే బూజు పడుతుంది. ఈ కోత పరీక్షకు గ్రెనడా దాకా ఎందుకు, మీ చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో కోకో కావలసినంత ఉంది, ముందు ఆ గింజల మీద చెయ్యి తిప్పుకోండి.

ఇక రైతుకు నాలుగు డబ్బుల సంగతి. అమ్మేవాళ్ళను రెండే అడగండి: పచ్చి గింజ కిలోకు రైతుకు ఎంత ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు? కిలో ఎండు గింజకు సుమారు రెండున్నర కిలోల పచ్చి గింజలు పడతాయి, లెక్క మీరే వేసుకోవచ్చు. సూటిగా చెప్పనివాళ్ళు ప్యాకెట్ మీద నవ్వే రైతు ఫొటో ఎంత పెద్దది వేసినా నేనైతే నమ్మను. 2024 డిసెంబరులో న్యూయార్క్ మార్కెట్లో టన్ను 12,000 డాలర్లు దాటింది, తర్వాత బాగా పడింది. ఇలాంటప్పుడు ఒక సీజన్‌కి ధర ముందే మాట్లాడుకుంటే రైతుకూ మీకూ టెన్షన్ తగ్గుతుంది. ఏటా ఇన్ని కిలోలు ఇవ్వాల్సిందేనని మాత్రం పట్టుబట్టకండి, ఆ ద్వీపం తుఫానుల దారిలో ఉంది. 2004లో ఐవాన్ తుఫాను అక్కడి జాజికాయ తోటలను నేలమట్టం చేసింది, కోకో కూడా దెబ్బతింది.

ప్రశ్న: మరి ఈసారి అమ్మాయి సూట్‌కేసులోనే ఐదు కిలోలు తెప్పించుకోనా?
– అదే పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. వేయించని గింజలు మొక్కల క్వారంటైన్ నిబంధనల కిందికి వస్తాయి. ముందు ఇక్కడ దిగుమతి పర్మిట్ తీసుకోవాలి, సరుకులో పురుగూ తెగులూ లేవని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ సరుకుతో పాటు రావాలి. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే పోయేది గింజలు ఒక్కటే కాదు, చదువుకునే పిల్లకు లేనిపోని తలనొప్పి. ఈసారికి చాక్లెట్లే ఇంకో నాలుగు తెమ్మనండి.