ఉప్పునీటి చేపలకు ఫ్రోజెన్ మేతా, ఎండు మేతా: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి,
మామయ్య ఆశీస్సులు.

నీది నాలుగడుగుల ఉప్పునీటి ట్యాంకు, మూడొందల లీటర్ల నీళ్లు, అందులో చేపలు క్లౌన్ జంట, నాలుగు క్రోమిస్‌లు, ఒక కాన్విక్ట్ టాంగ్. వీటికి ఫ్రోజెన్, అంటే గడ్డకట్టించిన మేత కొనాలా, పెల్లెట్లు, అంటే ఎండు మేత గుళికలు కొనాలా అని అడిగావు. నా మాట ముందే చెప్పేస్తాను. రోజువారీ మేతగా మంచి పెల్లెట్ పెట్టు. వారంలో మూడు నాలుగు సాయంత్రాలు పెల్లెట్ మానేసి ఫ్రోజెన్ మైసిస్ (చిన్న రొయ్యలాంటి జీవులు) వెయ్యి. టాంగ్‌కి నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు) మాత్రం రోజూ ఉండాలి. ఇక ఈ లెక్క ఎందుకో, ఎక్కడ మారుతుందో చెబుతాను, వివరంగా చదువు.

దుకాణంలో రెండు ప్యాకెట్లూ తిప్పి చూస్తే పెల్లెట్ మీద ప్రోటీన్ 45 శాతం, ఫ్రోజెన్ మీద 7 శాతం అని ఉంటుంది. అది చూసి ఫ్రోజెన్‌లో బలం లేదనుకోకు. ఆ 7 నీళ్లతో కలిపి వేసిన లెక్క. ఫ్రోజెన్ ప్యాకెట్‌లో 88 శాతం నీరే ఉంటే, మిగిలిన 12 పాళ్లలో 7 ప్రోటీన్, అంటే 58 శాతం. పెల్లెట్‌లో తేమ 8 శాతం తీసేస్తే 92లో 45, అంటే 49 శాతం. నీరు తీసేశాకే రెండింటినీ పోల్చాలి. డబ్బు లెక్క కూడా అంతే. వంద గ్రాముల ఫ్రోజెన్ కొంటే చేతికొచ్చే అసలు మేత 12 గ్రాములు, వంద గ్రాముల పెల్లెట్ కొంటే 92. ప్యాకెట్ ధరను ఆ అంకెతో భాగించి చూడు, ఏది ఎంత ఖరీదో అప్పుడు తెలుస్తుంది.

ఫ్రోజెన్ నీళ్లు పాడుచేస్తుంది, ఎండు మేత శుభ్రం అని చాలామంది అంటారు. లెక్క వేసి చూడు. 45 శాతం ప్రోటీన్ ఉన్న పెల్లెట్ ఒక గ్రాము నీళ్లలో పూర్తిగా కుళ్లిపోతే నీ మూడొందల లీటర్లలో నైట్రేట్ సుమారు 1 పీపీఎం (లీటరుకి ఒక మిల్లీగ్రాము) పెరుగుతుంది. ఎండు మేతలో భాస్వరం మామూలుగా ఒక శాతం దాకా ఉంటుంది, దానివల్ల ఫాస్ఫేట్ ఇంకో 0.1 పీపీఎం పెరుగుతుంది. పగడాలు పెంచే రీఫ్ ట్యాంకుకి 0.1 చిన్న అంకె కాదు. 3.3 గ్రాముల ఫ్రోజెన్ క్యూబ్‌లో అసలు మేత 0.4 గ్రాములే. కాబట్టి నైట్రేట్ వరకు చూస్తే ఒక గ్రాము పెల్లెట్, రెండు క్యూబ్‌లు ఇంచుమించు సమానం. నీళ్లు పాడయ్యేది మేత రకం వల్ల కాదు, మోతాదు వల్ల. పెల్లెట్ చిన్నగా కనిపిస్తుంది కాబట్టి చెయ్యి జారి ఎక్కువ పడుతుంది, రాళ్ల సందుల్లోకి పోయినవి కంటికి కనిపించవు. ఫ్రోజెన్ అయితే క్యూబ్‌ని క్యూబ్‌గానే పడేస్తారు, నలిగిన తుక్కంతా నీళ్లు పొంగి బయటికి పోయే ఓవర్‌ఫ్లోలోంచి వడపోత సంచి (ఫిల్టర్ సాక్)లో చేరి అక్కడ కుళ్లుతుంది.

అందుకని ముందు 0.01 గ్రాము దాకా చూపే చిన్న కాటా ఒకటి కొను. నువ్వు వేసే చిటికెడు ఎంత బరువో ఒకసారి తూచి తెలుసుకో. నీ ఏడు చేపలకూ కలిపి రోజుకి అర గ్రాము పెల్లెట్‌తో మొదలుపెట్టు, ఉదయం సగం, సాయంత్రం సగం. రెండు నిమిషాల్లో అడుక్కి ఏమీ చేరకుండా తినేస్తూ, అయినా వీపు దగ్గర కండ తగ్గుతున్నట్టు, పొట్ట లోపలికి పోయినట్టు కనిపిస్తే మెల్లగా పెంచు. ఫ్రోజెన్ రోజున సాయంత్రం పెల్లెట్ బదులు ఒక క్యూబ్. రెండూ కలిపి వేయకు.

పెల్లెట్ ఎంచుకునేటప్పుడు ముందు పదార్థాల వరుస చూడు. మొదటి మూడు స్థానాల్లో చేపపొడి, క్రిల్ (రొయ్యలాంటి చిన్న సముద్రజీవి), స్క్విడ్, రొయ్యపొడి ఉండాలి. గోధుమపిండో సోయానో ముందుంటే ఆ డబ్బా అక్కడే పెట్టేసి రా. సముద్రపు చేపలకు ఈపీఏ, డీహెచ్‌ఏ అనే కొవ్వులు మేతలోనే దొరకాలి. మొక్కల నూనెల నుంచి వాటిని సరిపడా తయారుచేసుకునే శక్తి వీటికి లేదు. సైజు విషయంలో క్రోమిస్‌లకు అర మిల్లీమీటరు, పెద్ద క్లౌన్‌లకూ టాంగ్‌కీ ఒక మిల్లీమీటరు. మెల్లగా మునిగే రకం తీసుకో. తేలే ఫ్లేక్స్‌ని పైకొచ్చి గబగబా మింగే చేప గాలి కూడా మింగుతుంది, తర్వాత తల్లకిందులుగా తేలొచ్చు. ఫ్రీజ్ డ్రైడ్ క్రిల్‌దీ ఇదే గొడవ, అది కూడా తేలుతుంది. వేసేముందు నీళ్లలో నానబెట్టి, పిండి గాలి తీసెయ్యి. పెల్లెట్‌ని కూడా ట్యాంకు నీళ్లలో రెండు మూడు నిమిషాలు తడిపి వేస్తే మంచిది. విటమిన్ చుక్కలు కలపాలంటే ఆ తడిలోనే కలుపు, పెల్లెట్ బాగా పీల్చుకుంటుంది. వెల్లుల్లి రసం వాసనకి చేప దగ్గరికి వస్తుంది, అంతే. దాన్ని మందని నమ్మకు.

ఎండు మేతకు అసలు శత్రువు మన కోస్తా గాలి. విశాఖలో డబ్బా మూత తీసి ట్యాంకు పక్కనే ఉంచితే వర్షాకాలంలో పెల్లెట్లు తేమ పీల్చి ముద్ద కడతాయి, బూజు పడుతుంది. ఆ బూజు విషం చేప కాలేయాన్ని దెబ్బతీస్తుంది. బూజు ఏరేసి మిగిలింది వాడదామనుకోకు, డబ్బా మొత్తం పారెయ్యి. మూత తీసిన రోజు నుంచి విటమిన్ సి తరుగుతూనే ఉంటుంది, నూనె చేదెక్కుతుంది. ఆరు నెలల్లో అయిపోయేంత డబ్బానే కొను. నెలకి సరిపడా చిన్న సీసాలో పోసుకో, మిగతాది గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టు. తీసిన డబ్బా గది వేడికి వచ్చాకే మూత తెరువు. చల్లగా ఉండగా తెరిస్తే లోపల చెమ్మ పడుతుంది. తడి వేళ్లతో అసలు ముట్టకు.

ఇక ఫ్రోజెన్. అన్నిట్లో మైసిస్ మేలు. తల, పెంకు, పేగుతో సహా జంతువు మొత్తం చేప నోట్లోకి పోతుంది కాబట్టి పోషణ నిండుగా ఉంటుంది. పెద్ద బ్రైన్ ష్రింప్‌ని, అంటే ఎదిగిన ఆర్టీమియాని, ఏమీ మేపకుండా ఫ్రీజ్ చేస్తే అందులో సారం తక్కువ. కొత్త చేపకి ఆశ చూపడానికి పనికొస్తుంది గానీ పూటకూడు కాదు. ఎన్‌రిచ్డ్ (ముందు పోషకాలు మేపినది) అని రాసి ఉన్నది కాస్త నయం. బ్లడ్‌వార్మ్ మంచినీటి పురుగు, సముద్రపు చేపకి కావలసిన కొవ్వులు అందులో సరిపడా లేవు. కోడి లివర్ లాంటివి దగ్గరికే రానీయకు. నేల జంతువుల కొవ్వు చేపకి సరిగా అరగదు.

కొనేటప్పుడు ఫ్రోజెన్ క్యూబ్‌ల షీట్‌ని వెలుతురుకి పట్టుకుని చూడు. క్యూబ్ అచ్చు నిండా సమానంగా ఉండాలి. ఒక పక్కకి ఒరిగి గడ్డకట్టినా, మధ్యలో కుంగినా, మంచు పలుకులు కనిపించినా అది దారిలో కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. మైసిస్ తలలు నల్లబడి ఉన్నా వద్దు. ఏప్రిల్, మే నెలల్లో కొరియర్‌లో తెప్పించకు. థర్మోకోల్ పెట్టె, ఐస్ ప్యాక్‌లు పట్టుకుని నువ్వే వెళ్లి తెచ్చుకో. గామా రేడియేషన్ చేసినదని ప్యాకెట్ మీద ఉంటే తీసుకో, రోగక్రిముల బెడద తక్కువ.

ఇంట్లో ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర నిలవాలి. ప్యాకెట్ తలుపు అరలో పెట్టకు, లోపలి మూలకి పెట్టు. కరెంటు కోతలున్న చోట ఒక పని తప్పకుండా చెయ్యి. చిన్న గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, మీద ఒక రూపాయి బిళ్ల పెట్టి, ఫ్రీజర్‌లో మేత పక్కనే ఉంచు. ఊరినుంచి వచ్చాక బిళ్ల మంచులో కూరుకుపోయి కనిపిస్తే, నువ్వు లేనప్పుడు ఫ్రీజర్ కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. ఆ ప్యాకెట్ ఇక చేపలకి పెట్టకూడదు. కోతలు గంటలకొద్దీ ఉండే ఊళ్లో అయితే ఫ్రోజెన్ మానేసి పెల్లెట్, నోరితోనే నడుపుకోమంటాను.

వేసే పద్ధతి ఇది. ఒక కప్పులో ట్యాంకు నీళ్లు తీసుకుని క్యూబ్ వేసి పది నిమిషాలు వదిలెయ్యి. వేడినీళ్లు పోయకు, మైక్రోవేవ్‌లో పెట్టకు. కరిగాక టీ వడగట్టులో వంచి ఒకసారి కడుగు. ఆ రసంతో పోయే ఫాస్ఫేట్ మొత్తంలో కొద్దిదే, కడిగినంత మాత్రాన నాచు తగ్గిపోదు. నలిగిన తుక్కు పోతుంది, అందుకే కడగమంటున్నాను. ఫిల్టర్ నుంచి నీళ్లు తిరిగి ట్యాంకులోకి తోడే రిటర్న్ పంప్ పది నిమిషాలు ఆపు, నీళ్లలో ప్రవాహం పుట్టించే వేవ్‌మేకర్ తగ్గించు, కొంచెం కొంచెంగా చేపల ముందు వదులు. పంప్ మళ్లీ వేసేందుకు ఫోన్‌లో అలారం పెట్టుకో. మిగిలిన మేతని తిరిగి ఫ్రీజర్‌లో పెట్టొద్దు.

ఇక్కడ అసలు నిర్ణయం చేప చేతిలో ఉంది. తమిళనాడు మండపంలోని సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) లాంటి చోట్ల పద్ధతిగా పొదిగించి పెంచిన క్లౌన్‌లు చిన్నప్పటి నుంచీ పెల్లెట్ ఎరుగును, రాగానే తింటాయి. సముద్రంలో పట్టి తెచ్చిన చేపకి పెల్లెట్ అంటే ఏమిటో తెలియదు, ఉమ్మేస్తుంది. దానికి మొదటి వారమంతా ఫ్రోజెన్ మైసిసే పెట్టు, రోజుకి మూడుసార్లు, కొంచెం కొంచెం. రెండో వారం తడిపిన పెల్లెట్లు నాలుగైదు మైసిస్ రసంలో నాననిచ్చి, ఆ మైసిస్‌తోపాటే వదులు. మైసిస్ కోసం ఎగబడినప్పుడు పెల్లెట్ కూడా నోట్లోకి పోతుంది. ఉమ్మినా ఫరవాలేదు, రేపు మళ్లీ వెయ్యి. మూడో వారం పాళ్లు తిరగెయ్యి, పెల్లెట్ ఎక్కువ, మైసిస్ తక్కువ. పస్తుపెట్టి దారికి తెద్దామనే మొండితనం చిన్న సముద్రపు చేపల దగ్గర పనికిరాదు, చిక్కిపోతే తిరిగి కోలుకోవడం కష్టం. తింటున్నా చిక్కిపోతూ, తెల్లటి దారంలా మలం వేలాడుతుంటే మేత మార్చి లాభం లేదు, కడుపులో పురుగులేమో చూడాలి.

కాన్విక్ట్ టాంగ్ పొద్దంతా నాచు గీకే చేప. ఎంత మైసిస్ తిన్నా దానికి ఆకు కావాలి. ఉప్పు, నూనె, మసాలా ఏదీ లేని, వేయించని నోరి ముక్క అగ్గిపెట్టె అంత, క్లిప్‌కి పెట్టి ఉదయం తగిలించు. సాయంత్రానికి మిగిలింది తీసెయ్యి.

మాండరిన్ చేప కొందామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. వద్దు. అది రోజంతా రాళ్ల మీద కోపిపాడ్లు (కంటికి కనీకనిపించని చిన్న జీవులు) ఏరుకు తినే చేప. పెల్లెట్ దాదాపు ముట్టదు, ఫ్రోజెన్ కూడా కొన్నే నేర్చుకుంటాయి. ఏడాదైనా నిండని మూడొందల లీటర్ల ట్యాంకులో అది మెల్లగా ఆకలితో పోతుంది. ఆంథియాస్ చేపలు తేవాలంటే రోజుకి మూడు నాలుగుసార్లు మేత వేయగలవో లేదో ముందే ఆలోచించుకో.

హార్బర్ నుంచి తాజా రొయ్యలు తెచ్చి పెట్టొచ్చా అన్నావు. అప్పుడప్పుడు పెట్టొచ్చు. మందు కలిపిన నీళ్లలో ముంచనివి, తల పెంకుతో ఉన్నవి తీసుకుని, పేగు లాగేసి, మంచినీళ్లలో కడిగి, రెండు మూడు మిల్లీమీటర్ల ముక్కలు చేసి, జిప్ కవర్‌లో పల్చగా పరిచి గడ్డకట్టించు. విరుచుకుని వాడుకోవచ్చు. అయితే వట్టి కండ పూర్తి మేత కాదు, వారానికి ఒకసారి చాలు. నీ ట్యాంకులో క్లీనర్ ష్రింప్ (పెంచుకునే రొయ్య) ఉంటే మాత్రం జాగ్రత్త. చెరువు రొయ్యలకొచ్చే తెల్లమచ్చ వైరస్ ఫ్రీజర్‌లో చావదు. చేపకీ మనిషికీ దానితో భయం లేదు గానీ రొయ్యలకీ పీతలకీ అది ప్రాణాంతకం. ముక్కల్ని పూర్తిగా ఉడికించి చల్లార్చి వెయ్యి.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు ఆటో ఫీడర్‌లో పెల్లెట్ ఒక్కటే పని చేస్తుంది. దాన్ని తెరిచిన నీళ్ల మీద నేరుగా బిగిస్తే ఆవిరికి నోరు మూసుకుపోతుంది, పక్కకి జరిపి పెట్టు. ఒక్కో విడతకి ఎంత రాలుతుందో కాటా మీద పదిసార్లు తూచి సగటు చూడు, మామూలు మోతాదులో సగానికి అమర్చు. బయలుదేరే వారం ముందు నుంచే దానితో నడిపించు. ఎక్కడ ఇరుక్కుంటుందో నువ్వు ఇంట్లో ఉండగానే బయటపడాలి. పక్కింటివాళ్లకి డబ్బా మాత్రం ఇవ్వకు. వేయించక తప్పకపోతే ఒక్కో రోజుది ఒక్కో పొట్లం కట్టి, తేదీ రాసి ఇవ్వు.

ఇట్లు,
మామయ్య